టిక్కు అంటే చూశానని అనుకున్నాను

ముప్పైమూడేళ్లు కాగితాలు తయారుచేసే పని చేశాను. కాగితం అంటే ఏమిటో మాత్రం ఆఖరి ఏడాదిలో నాకు అర్థం కాకుండా పోయింది. రిటైరైనవాళ్లు మామూలుగా తాము నేర్చుకున్నవి రాస్తారు. నేను ఎక్కడెక్కడ తికమకపడ్డానో రాస్తాను. మీలో ఎవరైనా పటాన్‌చెరు వైపు ఏదో ఒక ఫ్యాక్టరీలో డాక్యుమెంట్ సెక్షన్‌లో చేరబోతుంటే, నా తెలివికన్నా నా తికమకే మీకు ఎక్కువ పనికొస్తుంది.

నా పేరు సువార్త. మాది సంగారెడ్డి. నాన్న బడిపంతులు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు. ఒక్క అక్షరం తప్పు పలికినా మళ్లీ మొదటినుంచి చదివేవాడు, జనం గొణుక్కున్నా సరే. ఆ చాదస్తం నాకూ వచ్చింది. టైపు లోయరు, హయ్యరు పాసై, మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరాను.

మా పని ఏమిటో ముందు చెప్పాలి. ఫ్యాక్టరీలో ప్రతి మిషను పక్కన గోడకు ఒక కాగితం ఉంటుంది. ఏ వాల్వు ముందు తిప్పాలి, ఎంత వేడి దాకా ఆగాలి, ఎప్పుడు ఆపాలి అన్నీ అందులో వరసగా ఉంటాయి. దానికి ఇంగ్లిషు కాపీ ఒకటి, తెలుగు కాపీ ఒకటి. ఇంగ్లిషుది తనిఖీకి వచ్చేవాళ్లు చదువుతారు. తెలుగుది పని చేసేవాళ్లు చదువుతారు. పై ఆఫీసర్లలో తెలుగు కాపీ చదివినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు.

ఆ తెలుగు నాది. రాసేముందు ఆపరేటర్ల దగ్గరికి వెళ్లి "దీన్ని మీరేమంటరు?" అని అడిగి, వాళ్లన్న మాటే రాసేదాన్ని. పుస్తకాల్లో "ప్రారంభించాలి" అని ఉంటుంది. మా వైపు మోటరు చాలు చేస్తాం, ఫ్యాను చాలు చేస్తాం, బోరు చాలు చేస్తాం. పొద్దున్నే లేచి బోరును ప్రారంభించిన రైతును సంగారెడ్డి చుట్టుపక్కల ఎవరైనా చూస్తే నాకు చెప్పండి. అందుకని నా కాగితాల్లో ముప్పైమూడేళ్లూ "చాలు చేయాలి" అనే ఉండేది.

పచ్చ పెన్సిలు

నాకు పని నేర్పింది అనంతాచారి గారు, మా మొదటి సెక్షన్ ఆఫీసరు. మహా కోపిష్ఠి. టైపు చేసిన కాగితం ఆయన బల్ల మీద పెడితే పచ్చ పెన్సిలు తీసుకుని ఒక్కో వాక్యం పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయేవారు. చేరిన కొత్తలో ఒకసారి కాగితం నిండా టిక్కులు చూసి, హమ్మయ్య, అంతా సరిపోయిందనుకుని జిరాక్సు తీయించి అన్ని విభాగాలకూ పంచేశాను. ఆయన నన్ను పిలిచి అరిచిన అరుపులు క్యాంటీన్ దాకా వినపడ్డాయట.

"టిక్కు అంటే చూశానని. సంతకం అంటే ఒప్పుకున్నానని. చూసినవన్నీ ఒప్పుకుంటామా అమ్మా? దారిలో వంద పెళ్లి పందిళ్లు చూస్తాం. అన్నిట్లోనూ పీటల మీద కూర్చుంటామా?"

ఆ రోజు ఏడ్చాను. తర్వాత ముప్పైయేళ్లు ఆ మాటే అందరికీ చెప్పాను. గోడకు కొత్త కాగితం అంటించినప్పుడల్లా ఆ మిషను ఆపరేటర్లు అది చదివి కింద సంతకం చేయాలి. కొందరు టిక్కు పెట్టి పోబోతే వెనక్కి పిలిచేదాన్ని. "చూసినవా, ఒప్పుకున్నవా? ఒప్పుకుంటె సంతకం పెట్టు, తారీకు వెయ్యి" అనేదాన్ని. మొగులయ్య అనే ఆపరేటరు ఉండేవాడు, కర్దనూర్ మనిషి. ఏడో తరగతి దాకా చదివాడు. సంతకం అంటే పెద్ద "మొ" రాసి పక్కన ఒక గీత గీసేవాడు. "గీత గింత పొడుగెందుకు?" అని అడిగితే, "గులయ్య అంత అందులనే ఉన్నది మేడం" అనేవాడు.

ఒకటే కాగితం రెండు చోట్ల

టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చింది. మొదటి తికమక అప్పుడే. నేను కొట్టిన తెలుగు కాగితాన్ని మేనేజరు తన గదిలో తెరిస్తే అందులో తెలుగే లేదు. ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. నా దగ్గరున్న ఫాంటు ఆయన దగ్గర లేదట. నా గదిలో చక్కగా ఉన్న తెలుగు గోడ అవతలికి పోగానే పిచ్చిరాత అవుతుందంటే నాకు చాలారోజులు నమ్మకం కలగలేదు. ఎవరో కావాలని నా ఫైలు చెడగొడుతున్నారని అనుకుని బీరువాకు తాళం వేశాను. ఫైలు బీరువాలో ఉండదని తర్వాత తెలిసింది.

తర్వాత ఫైళ్ల పేర్ల గోల. ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్, సువార్త ఫైనల్. ఒకసారి నాలుగోది బదులు రెండోది అంటించాను. దానివల్ల చేతికి వేసుకునే గ్లౌజుల రంగు మారింది, అంతే. స్టోర్స్ వాళ్లు వారం రోజులు నన్ను తిట్టుకున్నారు.

ఇవన్నీ చిన్నవి. ఆఖరి ఏడాది మా కాగితాలన్నిటినీ ఇంటర్నెట్‌లో ఒక్కచోట పెట్టారు. ఎవరి గదిలోంచి వాళ్లు తెరిచి అందులోనే దిద్దవచ్చట. దాన్ని నాకు నేర్పే పని హర్షితకు అప్పగించారు. హర్షిత కొత్తగా వచ్చిన క్వాలిటీ ఆఫీసరు. తెనాలి పిల్ల. కిష్టారెడ్డిపేటలో స్నేహితురాళ్లతో కలిసి అద్దెకుండేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ప్రొబేషన్‌లో ఉంది.

"మేడం, మీకు షేర్ చేశానండి" అంది మొదటిరోజు.

"పంపినవా?"

"పంపలేదండి. షేర్ చేశాను."

"మరి నా దగ్గరికి రాలేదా?"

"వచ్చిందండి. మీ దగ్గరా ఉంది, నా దగ్గరా ఉంది. అదే ఇది."

"ఒకటే కాయితం రెండు తావుల ఎట్లుంటది బిడ్డా?"

పాపం ఆ పిల్ల చాలాసేపు చెప్పింది. తలూపాను. అర్థమైనట్టు తలూపడం ఈ వృత్తిలో అన్నిటికన్నా పెద్ద తప్పు, రాసిపెట్టుకోండి. తన గదికి తను వెళ్లాక తెర మీద "హర్షిత" అని రాసున్న చిన్న జెండా ఒకటి నా వాక్యాల మధ్య నడుచుకుంటూ వచ్చింది. నా చేతులు ఒళ్లో ఉన్నాయి, అక్షరాలు వాటంతటవే పడుతున్నాయి. "యేసయ్యా" అని కుర్చీ వెనక్కి జరిపాను.

కొన్నాళ్లకు తనిఖీ దగ్గరపడింది. మా ప్లాంట్ మేనేజరు రాఘవరావు గారు తెలుగు కాపీలు కూడా తప్పుల్లేకుండా ఉండాలన్నారు. భాష చూసే పని హర్షితకిచ్చారు. ఆ పిల్ల బుద్ధిగా పదహారు పేజీలు దిద్దింది. నా మాటల మీద అడ్డగీతలు, పక్కన తన మాటలు పచ్చరంగులో. అంచున ఒక్కోదానికీ ఒక చిన్న పెట్టె, అందులో ఒక టిక్కు గుర్తు, ఒక ఇంటూ గుర్తు.

ఫోన్ చేసి "మీరొకసారి చూసెయ్యండి మేడం" అంది.

చూసెయ్యమంది కదా. చూశాను. చూసినదానికల్లా టిక్కు నొక్కాను. పచ్చరంగు కూడా ఉండటంతో నాకు అనంతాచారి గారు గుర్తొచ్చి ముచ్చట వేసింది. మొదటి పేజీలన్నీ శ్రద్ధగా చదివాను. దీర్ఘాలు, ఒత్తులు, న్యాయమైన దిద్దుబాట్లే. తర్వాత టీ వచ్చింది. చివరి పేజీలు తొందరగా చూశాను. నచ్చనివి ఏమైనా ఉంటే మర్నాడు పిల్లతో కూర్చుని మాట్లాడదామనుకున్నాను. మర్నాడు హర్షితను వేరే యూనిట్‌కు వారం రోజులు పంపించారు. కాగితం తెరిస్తే రంగుల్లేవు, గీతల్లేవు, అన్నీ నల్ల అక్షరాలే. పోయేముందు తన దిద్దుబాట్లు తనే తీసేసుకుని నా రాత నాకు వదిలేసింది కాబోలు అనుకున్నాను. నా రాతను నేను మళ్లీ చదవడమేమిటి? ప్రింటు తీశాను, సంతకం చేశాను, గోడకు అంటించాను. ఆపరేటర్లు సంతకాలు పెట్టారు. అందులో ఆ పొడుగు గీత కూడా ఉంది.

చల్లనీళ్లు

ఆ కాగితం ఒక కొత్త సరుకుది. ఆ మిషనులో అదే మొదటిసారి. అందులో యాసిడ్ కలిపితే విపరీతంగా వేడి పుడుతుంది. అందుకని యాసిడ్ వదిలేముందు మిషను చుట్టూ చల్లనీళ్లు తిరిగేట్టు చేయాలి. ఆరోజు మధ్యాహ్నం మొగులయ్య డ్యూటీ. అంతకుముందు సరుకుకు తిప్పిన చల్లనీళ్లు ఇంకా తిరుగుతుంటే ఆపి, యాసిడ్ వదిలాడు.

వేడి ముల్లు పైకి పరుగెత్తింది. నురగ పొంగి పైగొట్టంలోంచి బయటికి వచ్చింది. కళ్లు మండి జనం అటూ ఇటూ పరుగెత్తారు. మొగులయ్య మాత్రం కదల్లేదు. తనే యాసిడ్ కట్టేసి, నీళ్ల వాల్వు పూర్తిగా తిప్పాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సరుకు పాడైంది.

మేనేజరు ఇంగ్లిషు కాపీ తెరిచి చూశారు. అందులో నీళ్లు మొదలుపెట్టాలనే ఉంది. "ఇంత స్పష్టంగా ఉంటే ఎందుకు ఆపావు?" అని ఒక ప్రశ్న. "కాయితంల ఆపమనే ఉన్నది సార్" అంటే, "మరి తర్వాత ఎవరినడిగి తిప్పావు?" అని ఇంకో ప్రశ్న. చెప్పినట్టు చేసినందుకు ఒక తప్పు, చెప్పినట్టు చేయనందుకు ఇంకో తప్పు. విచారణ అయ్యేదాకా రావద్దని గేటు పాసు తీసేసుకున్నారు. ఉద్యోగం పీకేస్తారని ఆ సాయంత్రానికే అందరూ అన్నారు. కర్దనూర్‌లో వాళ్లకున్న ఎకరంనర నలుగురు అన్నదమ్ముల్లో చీలిపోయింది. ఇద్దరు ఆడపిల్లల చదువు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది.

మర్నాడు పొద్దున గేటు బయట నాకోసం నిలబడ్డాడు.

"మేడం, ఒక్కపారి గోడ మీది కాయితం సూడుండ్రి. ఆపమనే రాసిండ్రు మీరు."

"నేనా? నేనెందుకు రాస్త మొగులయ్యా? తప్పు చేసి నా మీద పెడ్తున్నవా?"

"మీ సంతకం ఉన్నంక ఇగ నేనేం అడగాలె మేడం?" అన్నాడు.

ఒళ్లు మండింది. ఇరవైరెండేళ్లుగా ఎరిగిన మనిషి, అబద్ధమాడటం ఎప్పుడూ చూడలేదు. అయినా ఆ క్షణం అబద్ధమాడుతున్నాడనే అనుకున్నాను. ఈ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను. అతని మాట తప్పని తేల్చడానికే విసవిసా మిషను దగ్గరికి నడిచాను.

"యాసిడ్ వదిలేముందు చల్లనీళ్లు ఆపాలి." కింద నా సంతకం.

మూడుసార్లు చదివాను. నేను రాయని మాట నా కాగితంలోకి ఎట్లా వచ్చింది? గదికి పరుగెత్తి కంప్యూటర్‌లో ఆ కాగితం చరిత్ర తెరిపించాను. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో అందులో ఉంటుంది. సూచించింది హర్షిత. ఆమోదించింది సువార్త.

ఆమోదించానా? ఎప్పుడు? నాకు మతి పోతోందా అని భయమేసింది. నిజంగా భయమేసింది. మా అమ్మకు చివర్లో మతిమరుపు వచ్చింది, నాకూ మొదలైందా అనుకున్నాను. అదేరోజు మధ్యాహ్నం హర్షిత తిరిగొచ్చింది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను.

"నేను ఒప్పుకోలే బిడ్డా. చూసిన అంతే. చూసి టిక్కు పెట్టిన."

"మేడం..." అని ఆగిపోయింది. "ఇందులో టిక్కు అంటే ఒప్పుకున్నట్టేనండి."

"మరి చూసినట్టు ఎట్ల చెప్పాలె?"

"దానికి గుర్తు లేదండి."

అప్పుడు రెండో ప్రశ్న అడిగాను. చాలు చేయాలి అన్నదాన్ని ఆపాలి అని ఎందుకు మార్చావని.

"చాలు అంటే ఇక చాలు అని కదండీ? ఆపెయ్యమని రాశారనుకున్నా. వాడుక మాటలా ఉందని ఆపాలి అని దిద్దాను."

"మా దిక్కు చాలు చేసుడంటే షురూ చేసుడు! ఇంగ్లిషు కాపీ పక్కన పెట్టుకోలేదా?"

"తెలుగే కదా అనుకున్నానండి" అని బావురుమంది.

తిడదామనుకుని మానేశాను. ఆమెకు నా మాట తెలియదు, నాకు ఆమె గుర్తు తెలియదు. ఇద్దరం తెలుగే మాట్లాడుకుంటున్నామని అనుకున్నాం.

విచారణ

రాఘవరావు గారు చెడ్డవాడు కాదు. ఆయనకు చరిత్ర చూపిస్తే చాలాసేపు తల పట్టుకున్నారు.

"సాఫ్ట్‌వేర్ లోపమని రాసేద్దాం మేడం" అన్నారు చివరికి. "మీరు మూడు నెలల్లో రిటైరవుతున్నారు. ఆ అమ్మాయిది కొత్త ఉద్యోగం. మొగులయ్యకు ఒక హెచ్చరిక రాసిచ్చి లోపలికి తీసుకుందాం. ఎవరికీ నష్టం ఉండదు."

వినడానికి హాయిగా ఉంది. ఒక టీ తాగినంతసేపు నాకు నచ్చింది కూడా. తర్వాత అడిగాను, "లోపం సాఫ్ట్‌వేర్‌దైతే హెచ్చరిక మొగులయ్యకెందుకు సార్?"

"అతనికీ ఇంగితం ఉండాలి కదమ్మా. ఎవరో ఒకరి పేరు లేకుండా ఫైలు ఎట్లా మూస్తాం?"

హెచ్చరిక ఒకటి ఫైల్లో ఉంటే, రేపు ఏ చిన్నది జరిగినా మొదట పోయేది ఆ ఉద్యోగమే. అలాంటి ఫైళ్లు నేనే ఎన్నో టైపు చేశాను. ఒక తెల్లకాగితం తీసుకుని చేత్తో రాశాను. మార్పు నేను ఆమోదించాను, చదవకుండా ప్రింటు తీశాను, సంతకం చేశాను, ఆపరేటరు నా కాగితం చెప్పినట్టే చేశాడు, ప్రమాదం చూసి తన తెలివితో ఆపాడు, అతని తప్పు లేదు. హర్షితకు ఆ పని అప్పగించినప్పుడు ఇంగ్లిషు కాపీ కూడా ఇవ్వాల్సింది నేనే అని కూడా రాశాను. కింద సంతకం చేశాను.

"సర్వీసు చివర్లో ఈ మచ్చ ఎందుకమ్మా?" అన్నారాయన.

"సంతకం నాది సార్. టిక్కు సంగతి నాకు అర్థం కాలేదు గానీ సంతకం సంగతి నాకు బాగా అర్థమవుతుంది" అన్నాను. ధైర్యంగా చెప్పానని మీరు అనుకోవద్దు.

నాకు మెమో వచ్చింది. మొగులయ్యకు గేటు పాసు తిరిగొచ్చింది, ఫైల్లో ఏమీ రాయలేదు. హర్షిత ఉద్యోగం నిలబడింది. ఆ మూడు నెలలూ నేనూ ఆ పిల్లా ప్రతి తెలుగు కాగితాన్నీ మిషను దగ్గరికి తీసుకెళ్లి, ఆపరేటర్ల ముందు పైకి చదివి, వాళ్లు ఊఁ అన్నాకే ప్రింటు తీశాం. మీరు ఈ రచన అంతా మర్చిపోయినా ఆ ఒక్క పని చేయండి. తెర మీద చూసింది చదివినట్టు కాదు. పైకి చదివితేనే తప్పు చెవికి తగులుతుంది, మా నాన్నకు తగిలినట్టు.

అయినా నా అయోమయం పూర్తిగా పోలేదు. ఆ "ఆపాలి" అన్న మాటను ఆరోజు నేను చూసి టిక్కు పెట్టానా, చూడకుండానే పెట్టానా? ఇప్పటికీ తెలియదు. కంప్యూటర్ చరిత్రలో నేను ఏ నిమిషంలో నొక్కానో ఉంది. నేను చదివానో లేదో లేదు.

మొగులయ్య దిద్దుబాటు

ఇదంతా రాశాక మొగులయ్యకు ఫోన్‌లో పంపాను. తన పేరు ఉంది కదా, తను ఒప్పుకోకుండా ఎవరికీ చూపించకూడదనుకున్నాను. కాసేపటికి రెండు నీలం టిక్కులు పడ్డాయి. చూశాడన్నమాట. ఇక్కడ మళ్లీ టిక్కు అంటే చూడటమేనట! జవాబు మాత్రం రాలేదు. ఒకరోజు, రెండు రోజులు, వారం. కోపం వచ్చిందా? గేటు దగ్గర నేనన్న మాట ఇంకా మనసులో ఉందా? రోజుకు పదిసార్లు ఫోన్ తెరిచి ఆ టిక్కులను చూశాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వాకిట్లో బండి ఉంది. మొగులయ్య అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో కాగితాలు. నేను పంపినదంతా పటాన్‌చెరులో ప్రింటు తీయించుకొచ్చాడు.

"మా పెద్దబిడ్డ సదివి ఇనిపించింది మేడం. ఇందుల ఒక తప్పున్నది" అన్నాడు.

"ఏంది?"

"మీ సంతకం సూసి నేనేం అడగలే అని ఉన్నది."

"నువ్వన్న మాటనే కద మొగులయ్యా, గేటు కాడ?"

"అన్న. అది అబద్ధం. నాకు డౌటొచ్చింది మేడం. కాయితం మీద సంతకం పెట్టిన్నాడే వచ్చింది. నీళ్లు ఆపుడేందని అడుగుదామని మీ రూం దాక వచ్చిన. మీరు కంప్యూటర్ల తలకాయ పెట్టి ఏందో పరేషాన్‌ల ఉన్నరు. కొత్త సరుకు, కొత్త పద్ధతి, నాకేం ఎరుక, అడిగితె నవ్వుతరేమో అని తలుపు కాడికెల్లి మర్లిపోయిన."

"నేను నవ్వుతనా నిన్ను చూసి?"

"నవ్వరు. అది నాకెరుకనే. అయినా అడగలే." తలవంచుకున్నాడు. "మీరొక్కరే తప్పంత మీదేసుకున్నరు. గప్పుడు చెప్తె నౌకరి పోతదని నోరు మూసుకున్న. గిది సదివినంక వారం సంది నిద్ర పడ్తలేదు."

నాకు తెలియని తికమకలో ఆ తలుపు అవతల ఇంకో మనిషి నిలబడి ఉన్నాడని నాకు ఎన్నడూ తట్టలేదు.

"పైన మార్చమంటవా?" అని అడిగాను.

"మార్చకుండ్రి. కొట్టేస్తె ఏమున్నదో తెల్వది. కింద రాయుండ్రి."

అందుకే పైన ఉన్నది అట్లాగే ఉంచాను. అతను చెప్పింది ఇక్కడ, ఆ ప్రింటు కాగితం ఆఖరి పేజీలో, నా చేత్తో రాశాను. రాసి పైకి చదివి వినిపించాను. ఒకచోట ఆపి "తలుపు కాడికెల్లి" అని మళ్లీ చెప్పించాడు. మిగతాదానికి ఊఁ అన్నాడు.

పెన్ను కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను. నేనేమీ అడగకుండానే పెద్ద "మొ" రాసి, పక్కన పొడుగ్గా గీత గీసి, కింద తారీకు కూడా వేశాడు.